పొట్టి చెయ్యి స్వెటర్

“ఆ సొరుగులో తేలు గానీ ఉంటే? చెయ్యి పెట్టకే, కాస్త ఆగు” అంది అమ్మ.

అప్పటికింకా ఎవరూ ఏమీ తెరవలేదు. పాత సామాన్ల షాపులో కొన్న టేబుల్ వ్యాన్ దిగి పది నిమిషాలు కూడా కాలేదు. చిక్కుముడి మాత్రం అప్పుడే దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఆ పిల్ల ముట్టుకున్న ఉన్ని ఉండ సాయంత్రానికల్లా చిక్కుపడి తీరుతుందని నాన్న పెట్టిన పేరది. పదేళ్లుంటాయి. ఈ మధ్యే అమ్మ దగ్గర అల్లడం నేర్చుకుంది.

అమ్మ దూరంగా నిలబడి గరిటె కొనతో సొరుగు లాగింది. తేలు లేదు. పాత పేపర్లో చుట్టిన బూడిద రంగు స్వెటర్ ఉంది. పక్కనే అదే రంగు ఉన్ని ఉండ.

నల్లులున్నాయేమో, ఎవరి ఒంటి జబ్బు అంటుకుంటుందో అనుకుంటూ అమ్మ ఆ పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకెళ్లి బాల్కనీలో ఎండకు పడేసింది. షాపతనికి ఫోన్ చేసింది. టేబుల్ అమ్మినవాళ్లను కనుక్కుంటానని, ఆదివారం దాకా దాచమని అతనన్నాడు. దాని జోలికి వెళ్లొద్దని చిక్కుముడికి గట్టిగా చెప్పి అమ్మ పనిలో పడింది.

వద్దంటే చిక్కుముడికి చేతులు దురద పెడతాయి. చూడటం ముట్టుకోవడం కాదు కదా అని దగ్గరకు వెళ్లింది. చూసి చూసి, చివరికి ఒళ్లోకే తీసుకుంది. ఎవరు అల్లారో గానీ, వరసలు గీత గీసినట్టున్నాయి. మెడ చుట్టూ జడలాంటి అల్లిక. కుడి చెయ్యి మణికట్టు దాకా ఉంది. ఎడమ చెయ్యి సగంలోనే ఆగిపోయింది. పైగా చివర సంచి అడుగులా మూసి కుట్టేశారు.

ఉన్ని చాలలేదా? ఇంత ఉండ మిగిలిందే. మర్చిపోయారా? మెడకు అంత జడ వేసినవాళ్లు చెయ్యి మర్చిపోతారా?

అమ్మను అడగొచ్చు. అడిగితే ముట్టుకున్న సంగతి బయటపడుతుంది. తప్పు కనబడితే బద్ధకించకుండా విప్పి మళ్లీ అల్లాలని నేర్పింది అమ్మే కదా. మూసిన చోట ఉన్న కుట్లను చిక్కుముడి కత్తెరతో తెంపింది.

నాలుగు రోజులు స్కూలు నుంచి రాగానే బాల్కనీలో కూర్చుని అల్లింది. నల్లుల భయంతో అమ్మ అటువైపే రాలేదు. శనివారానికి రెండు చేతులూ సమానమయ్యాయి. తను అల్లిన ముక్క కాస్త వదులుగా ఉంది, అంతే. వింతేమిటంటే, ఈసారి ఉన్ని చిక్కు కూడా పడలేదు.

ఆదివారం బెల్ మోగింది. వచ్చినాయన పెద్దవాడు. పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడట. కుర్చీలో కూర్చుని, ఇల్లు మారే హడావిడిలో స్వెటర్ సొరుగులోనే ఉండిపోయిందని, అది తన భార్య అల్లిందని చెప్పాడు. ఆ తర్వాత ఆవిడకు చూపు తగ్గిపోయిందట. మళ్లీ సూదులు పట్టలేదట.

చిక్కుముడి ఆ మాటలు సగమే వింది. ఆయన చొక్కా ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి పిన్ను పెట్టి ఉంది. లోపల చెయ్యి అక్కడితోనే అయిపోయింది. స్వెటర్ చెయ్యి మూసి కుట్టింది కూడా సరిగ్గా అక్కడికే.

చిక్కుముడి తలుపు పక్కకు జరిగింది.

అమ్మ స్వెటర్ తెచ్చి మడత విప్పింది. ఆ వదులు వరసలు ఎవరివో చూడగానే ఆమెకు తెలిసింది. పాత ఉన్ని కదండీ, ఎండకు సాగిందేమోనని మొదలుపెట్టింది. ఎండకు సాగి స్వెటర్‌కి జానెడు చెయ్యి మొలవడం ఎక్కడైనా ఉందా? అమ్మకూ ఆ సంగతి తెలుసు. అయినా ఆగకుండా చెబుతూనే ఉంది.

పెద్దాయన పొడుగైన ఆ చేతిని పట్టుకుని చూస్తున్నాడు.

తలుపు పక్కనే నిలబడి ఉంటే సంగతి అంతటితో పోయేదేమో. చిక్కుముడి వెళ్లి ఆయన ముందు నిలబడింది.

“ఎండకు కాదు తాతగారూ. నేనే చేశాను. అల్లినవాళ్లు మర్చిపోయారనుకున్నా. ఎవర్నీ అడగలేదు.”

అమ్మ మాట ఆగిపోయింది. ఆయన తలెత్తలేదు.

“నేను అల్లినంత వరకే విప్పుతాను. మామ్మగారు అల్లింది ముట్టుకోను. మూయడం నాకు రాదు, అమ్మ చూపిస్తుంది. ఎక్కడిదాకా కావాలో చెప్తారా?”

చిక్కుముడి కత్తెర, సూది తెచ్చుకుని కింద కూర్చుంది. ఆవిడ వరసలు ఎక్కడ ఆగాయో, తన వదులు వరసలు ఎక్కడ మొదలయ్యాయో ఇంత దూరం నుంచీ కనిపిస్తూనే ఉంది. అయినా ఆయన చెప్పకుండా స్వెటర్ మీద చెయ్యి వేయలేదు. వీధిలో ఎవరో సైకిల్ బెల్ కొట్టుకుంటూ వెళ్లిపోయారు. చిక్కుముడి అలాగే కూర్చుంది.

చివరికి ఆయన స్వెటర్‌ని ఒళ్లో పెట్టుకుని, చొక్కా చేతికున్న పిన్ను తీశాడు.

“ఆవిడకెప్పుడూ చెప్పలేదు గానీ, ఇక్కడ, చెయ్యి చివర, కాస్త బిగువుగా ఉండేది” అన్నాడు. “నువ్వు అల్లినదాంట్లో రెండు వేళ్ల మేర ఉంచి మూయమ్మా.”