ఎడమ పక్క పుల్లలు

"డానియల్ అంటే నువ్వేనా?"

కింద కూర్చుని ట్యూబుకు గాలి కొడుతున్న మనిషి తల ఎత్తలేదు. ఎస్తేరుకు ఒళ్లు మండింది. దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన కోపం విసరాలంటే ఎదురుగా ఒక మొహమన్నా ఉండాలి కదా.

"నేనే. ఏం కావాలె?"

"మా బాపు కాలు కావాలె. ఇస్తవా?"

అప్పుడు ఎత్తాడు తల. తప్పు చేసినవాడి కళ్లు పక్కచూపులు చూస్తాయనుకుంది ఎస్తేరు. ఇవి తిన్నగా ఆమెనే చూశాయి. చాలా రోజులుగా నిద్ర ఎరగని కళ్లలా ఉన్నాయి. ఆమే ముందు చూపు తిప్పుకుంది. అందుకు ఇంకా కోపం వచ్చింది.

నందికొండ బస్టాండు వెనక ఆ రేకుల షాపు ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో ఆమె తండ్రి యేసోబు ఎలక్ట్రిక్ సైకిలు పడుకుని ఉంది. ముందు చక్రం వంకరపోయింది. వెనక చక్రం అప్పడంలా మడతపడింది.

ఇరవై రోజుల కింద, చేపల ట్రే వెనక కట్టుకుని హిల్ కాలనీ దిగుడులో వస్తుంటే ఆ వెనక చక్రం కూలిపోయింది. యేసోబు తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. నల్లగొండ దవాఖానలో రాడ్డు వేసి ఇంటికి పంపారు. ఇక కర్ర లేకుండా నడవలేడన్నారు. ఎస్తేరుకు తల్లి లేదు. ఉన్నది ఆ తండ్రి ఒక్కడే.

ఎనిమిది నెలల కింద ఆ చక్రం కట్టింది డానియలే.

"ఎనిమిదేండ్లు నడుస్తదన్నవట?"

"అన్న."

"మరెందుకు విరిగింది?"

"విప్పి చూస్తె తెలుస్తది."

"మనిషి విరిగినంక చక్రం విప్పి చూస్తడంట! శానా తెలివి ఉన్నదయ్యా నీకు."

అతను లేచాడు. సైకిలు ఒక్కడే దింపుకున్నాడు. దాన్ని దింపిన తీరు చూస్తే దవాఖానలో మనిషిని మంచం మీదికి మార్చినట్టుంది.

"నీ తోని చేపిచ్చుకునుడు నాకు ఇష్టం లేదు. ఈ ఊళ్లె దీన్ని ముట్టేటోడు ఇంకొకడు లేడు గనుక తెచ్చిన. ఇగ చేపలు నేనే అమ్మాలె. ఇంకో మాట. వచ్చే ఆదివారం ప్రార్థన అయినంక సంఘ పెద్దలు నిన్ను నిలబెట్టి అడుగుతరు. నీ షాపు ఈ ఊళ్లె ఉండొద్దంటున్నడు మా బాపు."

"ఎరుకే. మీ బాపు మాటగ మా అమ్మకు చెప్పిన్రు. చేపల బజార్ల, అందరి ముంగట."

ఆ మాట మెత్తగానే అన్నాడు. ఎస్తేరుకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

గురువారం సన్నగా వాన. సైకిలు సంగతి అడుగుదామని ఎస్తేరు కొంగు నెత్తిన కప్పుకుని వచ్చింది. డానియల్ బల్ల మీద రెండు రకాల చక్రాలు పెట్టి ఉంచాడు. పాత చక్రం గోడకు ఆనించి, దాని మీద గోనెసంచి కప్పి ఉంది.

"విప్పి చూస్తనంటివి. చూసినవా?"

"చూసిన."

"ఏం కనబడ్డది?"

డానియల్ రేకుల మీంచి కారుతున్న వాన వైపు చూశాడు. "నాదే తప్పు. చక్రం పుల్లలు, గదే స్పోకులు, మంచియి వెయ్యలే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. డానియల్ బల్ల వైపు చెయ్యి చూపాడు.

"గిట్ల రా. కొత్తయి చూడు. ఇది పోత చక్రం, ఒక్క ముద్దగ పోసింది. పుల్లలే ఉండయి. చూస్తందుకు జబర్దస్త్ ఉంటది."

"గదే ఇయ్యి. పుల్లలంటేనే నాకు భయమైతాంది."

"ఇయ్య."

"ఎందుకియ్యవ్?"

"గుంతల పడితే పుల్లల చక్రం వంగుతది, పోత చక్రం పగుల్తది. వంగితే నేను సాపు చేస్త. పగిలితే దేవుడు కూడ అతికియ్యడు. నువ్వు దిగుడుల ఉన్నప్పుడు పగిలిందనుకో..." అక్కడ ఆగిపోయాడు.

"మరి నాకేది మంచిది?"

"వెనక చక్రం నడుమ మోటరు ఉంటది చూడు, గది మంచిగనే ఉంది. దాన్ని ఉంచుకుని రిమ్ము, పుల్లలు మారుస్త. ఈ సారి స్టీలు పుల్లలు. ఇంకో మోటరు చక్రం కొంటె బ్యాటరీకి కలవాలె, ఫ్రేముల పట్టాలె, బ్రేకు కుదరాలె."

"పెండ్లి సంబంధం చూసినట్టు చెప్తున్నవ్."

"గంతే మరి. సైజు కలవకుంటె మొదలు సప్పుడు చేస్తది. తర్వాత విరుగుతది."

ఎస్తేరు ఫక్కున నవ్వింది. నవ్వినంత సేపూ అతను చేతిలో పుల్ల పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇంట్లో మంచం మీద మూలిగే తండ్రి గుర్తొచ్చి ఆ నవ్వు అక్కడే ఎండిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. బాపును పడగొట్టినవాడి మాటకు నవ్వుతుందా?

"స్టీలుదే ఎయ్యి. శనివారం వస్త," అని వానలోనే వెళ్లిపోయింది.

"చేపల ట్రే కూడ తే. క్యారేజీ మీద సరిగ్గ కూసుంటదో లేదో చూడాలె," అని వెనక నుంచి అరిచాడు.

శనివారం పొద్దున సైకిలు రెండు కొత్త చక్రాల మీద నిలబడి ఉంది. డానియల్ వెనక చక్రం తిప్పి చూపించాడు. ఇటూ అటూ వెంట్రుక మందం కూడా ఊగలేదు. ఆ తర్వాత ట్రే తీసుకున్నాడు. ఎడమ మూలన ఉన్న బెజ్జాన్ని రబ్బరు ముక్కతో మూశాడు. వెనక పక్క ఇంకో బెజ్జం చేసి, దానికి సన్నని పైపు తగిలించి, చక్రం దాటేదాకా కిందికి దించాడు.

"గదెందుకు?"

"ఊరికెనే. మంచిగ కనబడతది."

"చేపల ట్రేకు సోకులా?"

అతను గబగబా పానాలు సర్దుకున్నాడు. ఆ తొందర ఆమెకు అనుమానం కలిగించింది. ఎస్తేరు గోడ దగ్గరికి నడిచింది.

"అది ముట్టకు," అన్నాడు డానియల్. అప్పటికే ఆమె గోనెసంచి లాగేసింది.

మోటరు దగ్గర కోసి తీసిన పాత రిమ్ముకు పుల్లలు ఇంకా వేలాడుతున్నాయి. కుడి పక్కవి మెరుస్తున్నాయి. ఎడమ పక్కవి చెదలు తిన్న కట్టెల్లా ఉన్నాయి. రిమ్ములోకి దిగే చోట ఒక్కొక్కటీ పుచ్చిపోయింది. ఆ మొదళ్లలో తెల్లగా ఏదో పేరుకుంది. ఎస్తేరు గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు.

రోజూ తెల్లారగట్ల ట్రేలో చేపలు పరిచేది తను. చేప గట్టిగా ఉండాలని ఐసులో రెండు గుప్పెళ్ల దొడ్డుప్పు కలిపేది తను. కుడి పక్క చార్జింగ్ ప్లగ్గు తడుస్తుందని మేకు కాల్చి ట్రేకు ఎడమ మూలన బెజ్జం పెట్టింది కూడా తనే. ఎనిమిది నెలలు ఆ ఉప్పునీళ్లు ఒక్కో చుక్కా ఆ పుల్లల మీదే కారాయి.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏమొస్తది? రాడ్డు వెనకకొస్తదా?"

"తప్పు నాదైతె నీదని ఎట్లంటవ్?"

"పుల్ల మందం చూసిన. బరువెంతని మీ బాపును అడిగిన. ఏం మోస్తవని అడగలే. అడిగితె తుప్పు పట్టని స్టీలుదే వేస్తుంటి. గందుకే నా తప్పన్న. అబద్ధం కాదు."

"నిజం గూడ కాదు."

"సగం నిజం."

"మిగిలిన సగం?"

డానియల్ తల వంచుకున్నాడు. "నన్ను తిట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు, ఎస్తేరూ. ఇంకొకళ్లు కలిస్తె నాకేం బరువు కాదు. నీకు బాపు ఒక్కడే. ఆయన నిన్ను ఇంకో తీరుగ చూస్తె నువ్వు తట్టుకోలేవు. మొన్న నవ్వినవు చూడు... ఆ మనిషి అట్లనే ఉండాలనిపిచ్చింది."

ఒక మగవాడు తనకు ఇలాంటి మాట చెబితే ఎంతో సంతోషం వేస్తుందనుకునేది ఎస్తేరు. ఇప్పుడు ఏడుపు తప్ప ఏమీ రాలేదు. విరిగిన చక్రం పక్కనే కూలబడి ఏడ్చింది. అతను ఓదార్చలేదు. ఎండ పడకుండా అడ్డంగా నిలబడ్డాడు, అంతే.

ఆదివారం యేసోబును కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు చర్చికి మోసుకొచ్చారు. ఎస్తేరు పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పబోయింది. మూడుసార్లూ తండ్రి నొప్పితో పళ్లు బిగించి ఉన్నాడు. నోరు రాలేదు.

ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద ఐలేశం అడిగాడు. "డానియలూ, ఏమంటవ్?"

"తప్పు నాదే పెద్దయ్యా. షాపు తీసేస్త."

ఆడవాళ్ల వరుసలో అతని తల్లి బిక్షమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ షాపు తప్ప వాళ్లకు ఇంకో ఆధారం లేదు.

ఎస్తేరు లేచింది. ఉప్పు సంగతీ, బెజ్జం సంగతీ అన్నీ చెప్పింది. "బాపూ, నిన్ను పడగొట్టింది నేను," అంది చివరికి.

యేసోబు కూతురి వైపు చూడలేదు. "నన్ను ఇంటికి మొయ్యిన్రి," అన్నాడు అంతే.

తొమ్మిది రోజులు ఆ ఇంట్లో మాట లేదు. తండ్రి ఆమె పెట్టిన అన్నం తిన్నాడు, ఆమె భుజం ఆసరాతో లేచాడు, మొహం మాత్రం చూడలేదు. చేపలు అమ్మకపోతే పూట గడవదు. కానీ ఐసు దగ్గరికి వెళ్తే ఎస్తేరు చేతులు ఆడలేదు. మొదటి రోజు ఆమె చేపల పడవలొచ్చే ఒడ్డున ఖాళీ ట్రే ముందు నిలబడి ఉంటే, డానియల్ వచ్చి, ఏమీ అడగకుండా ట్రే నింపి సైకిలుకు కట్టాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ.

"దినాం వస్తే జనం ఏమంటరు?" అంది ఎస్తేరు.

"కొత్త చక్రం గదా. నెల రోజులు చెక్ చెయ్యాలె."

"చక్రాన్ని చూస్తలేవు గదా!"

"దాన్ని గూడ చూస్తున్న, జర జర," అన్నాడు.

పదో రోజు డానియల్ సైకిలును ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. వాకిట్లో మంచం మీద యేసోబు. డానియల్ వాకిట్లోకి రాకుండా బయటే ఆగాడు.

యేసోబు చాలాసేపు తన కాలు చూసుకున్నాడు. తర్వాత కూతుర్ని చూశాడు. పది రోజుల తర్వాత మొదటిసారి.

"బక్కగైనవు," అన్నాడు. "తిన్నవా?"

ఎస్తేరు తల ఊపింది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"డానియలూ."

"చెప్పు పెద్దయ్యా."

"మీ అమ్మను సాయంత్రం తోల్కరా. బజార్ల అందరి ముంగట నేను అనిపిచ్చిన మాట, అందరి ముంగట వాపసు తీస్కోవాలె నేను. నడ్వలేను గనుక ఆమెను, బజారోళ్లను ఈడికే రమ్మంటున్న." మీసం తడుముకున్నాడు. "వచ్చినంక ఆమె గూడ ఏమన్న అడగాలనుకుంటే అడగమను. ఇంట్ల పెండ్లీడు పిల్ల ఉన్నది. వింటం."