రెండు డబ్బాల మైనం

సంచి అడుగున పాత తువ్వాలు పరిచింది. దాని మీద సన్నటి రబ్బరు గొట్టం చుట్టలా చుట్టి పెట్టింది. గొట్టం చివర బిగించే ఇత్తడి ముక్కుని విడిగా గుడ్డలో చుట్టింది. కారు అడుగు కన్నాలు పొడిచే తీగ, మైనం పట్టించే పై కన్నాలకి బిగించే రబ్బరు బిరడాలు పన్నెండు, పోతే ఉంటాయని ఇంకో నాలుగు. టార్చి. ఎలా చెయ్యాలో రాసిన చీటీ. ఆ చీటీ తడిసిపోతుందేమోనని ఇంకో చీటీ.

అన్నీ సర్దాక సంచి ముందు చాలాసేపు ఊరికే కూర్చుంది. ఆఖరికి లేచి, అలమర్లోంచి రెండు మైనం డబ్బాలు తెచ్చి అందులో పెట్టింది.

మావయ్య వెల్డింగు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఇదంతా చూస్తున్నాడు. షెడ్డు ఆయనది. పాత కార్లకి రేకుల పని ఆయన చేస్తాడు, లోపల తుప్పు పట్టకుండా మైనం పట్టించే పని మేనకోడలు చేస్తుంది.

"ఆ డబ్బాలు తీసెయ్యవే" అన్నాడు.

"అతను వెళ్ళేది ఉప్పుగాలి ఊరు మావయ్యా. రెండేళ్ళకోసారి పట్టించకపోతే లోపల్నుంచి తినేస్తుంది."

"అందుకే తీసెయ్యమంటున్నా. మనిషి మళ్ళీ రావడానికి ఒక పని మిగల్చాలి, పిచ్చిదానా."

"రావాలనుకున్నవాడికి పని కావాలా?"

"మొహమాటస్తుడికి కావాలి. మీ ఇద్దరి మొహమాటం కలిపితే ఈ షెడ్డు చాలదు."

ఆమె డబ్బాలు తియ్యలేదు. సంచి మూతి తాడు బిగించింది. రేపు పొద్దున్న ఏడింటికి సర్వేయరు వస్తాడు. కారు తీసుకుని వెళ్ళిపోతాడు.

అతను మొదటిసారి వచ్చింది నాలుగు నెలల కిందట, జోరువానలో. తాతగారి కారు. నలభై ఏళ్ళ నాటిది, మీగడ రంగు, గుండ్రటి దీపాలు. బ్రేకు నొక్కితే తలుపుల కింద ఎక్కడో గుడగుడమని చప్పుడు.

"నీళ్ళు పోకుండా కన్నాలన్నీ నేనే మూసేశానండీ. అయినా గుడగుడలాడుతోంది" అన్నాడు, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ.

ఆమె నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరింది. తలుపుల కింద పొడుగునా రేకు పెట్టెల్లాంటి భాగాలుంటాయి. వాటి అడుగు అంచున వరసగా కన్నాలు. ఒక్కటి వదలకుండా అన్నిటికీ తెల్లటి లప్పం.

"ఎవరు పెట్టారిది?"

"నేనే. ఆదివారం మొత్తం పట్టింది" అన్నాడు గర్వంగా.

"ఇవి నీళ్ళు బయటికి పోయే కన్నాలు. కారు చేసినవాళ్ళే పెట్టారు."

"అంటే..."

"అంటే జలుబు చెయ్యకుండా దాని ముక్కూ నోరూ మూసేశారు."

స్క్రూడ్రైవరుతో మొదటి లప్పం పీకింది. చెంబుడు నీళ్ళు, ఎర్రమట్టి రంగువి, ఆమె మొహం మీదే పడ్డాయి. బయటికి వచ్చి నిలబడింది. అతను జేబురుమాలు చాపాడు. అది ఆమె కంటే తడిగా ఉంది.

"సర్వేయర్నండీ. నేల మీద నీళ్ళు ఎటు పోతాయో అడగండి, గీసి చూపిస్తాను. కారులో ఎటు పోతాయో నాకెవరూ చెప్పలేదు."

కోపం తెచ్చుకోవాలని ఆమె గట్టిగానే ప్రయత్నించింది. రాలేదు.

పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి ఆమె దగ్గరుంది. దాన్ని కన్నంలో పెట్టి, టార్చి వేసి, లోపల తుప్పు ఎంత దూరం పాకిందో చూస్తుంది. అతను పక్కనే గొంతుక్కూర్చుని, "డాక్టరమ్మా, ఎన్ని పీకాలి?" అన్నాడు. ఆ రోజునుంచి అదే పిలుపు.

"రెండు చోట్ల మావయ్య కొత్త రేకు అతుకుతాడు. మిగతాది కడిగి, ఆరబెట్టి, మైనం పట్టిస్తే బతుకుతుంది."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"బాగా ఆరాలి. తడి మీద మైనం పడితే, తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే."

రేకు పని అయింది, కడగడం అయింది, కానీ ఆ ఏడు వానలు తగ్గలేదు. అతను రోజూ ఆఫీసు అయ్యాక షెడ్డుకి వచ్చేవాడు. "ఆరిందా?" అనేవాడు. "లేదు" అనేది. అంతటితో వెళ్ళిపోవచ్చు. వెళ్ళేవాడు కాదు. పాత టైరు మీద కూర్చుని ఆమె పని చూసేవాడు. సెప్టెంబరు ఆఖర్లో ఎండ వచ్చింది. "ఆరిందా?" అన్నాడు. "లేదు" అంది. మావయ్య దగ్గాడు. మర్నాడూ "లేదు" అంది. వారం గడిచాక మావయ్యకి దగ్గి దగ్గి నిజంగానే గొంతు పట్టేసింది.

"ఆరింది" అని ఒప్పుకుంది చివరికి.

"తెలుసు. వారం కిందటే ఆరింది. వేలు పెట్టి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"డాక్టరు ఆరలేదంటే ఆరిందనడానికి రోగి బంధువుని, నేనెవర్ని?"

మైనం పట్టించింది అక్టోబరు తొమ్మిదిన. డబ్బాని వేడినీళ్ళలో ఉంచి, మైనం పల్చబడ్డాక గొట్టం అతని చేతికే ఇచ్చింది. "పై కన్నంలోంచి లోపలికంటా తొయ్యి. ఇప్పుడు మెల్లగా వెనక్కి లాగు. తొందరపడకు. తొందరపడితే మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మనకి కనబడదు, తుప్పుకి కనబడుతుంది."

"అయిందని ఎలా తెలుస్తుంది?"

"కింది కన్నంలోంచి కారుతుంది. చూడు."

ఇద్దరూ నేల మీద చెంపలు ఆనించి చూశారు. తేనె రంగు బొట్టు ఒకటి కన్నం అంచున ఊరి, ఆగి, కింద పరిచిన అట్ట మీద పడింది. అప్పుడు అన్నాడతను, "ఇందాకట్నుంచి నన్ను నువ్వు అంటున్నావు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "పనిలో ఉంటే అలాగే వస్తుంది."

"అయితే పని ఆపకు."

షెడ్డులో ఒక అలవాటుంది. మైనం పట్టించిన కారు తలుపు లోపలి అంచున తెల్ల టేపు అంటించి తారీఖు రాస్తారు, మళ్ళీ ఎప్పుడు చెయ్యాలో తెలియడానికి. ఆమె రాసింది. అతను దాని కిందనున్న ఖాళీ మీద వేలు పెట్టి, "రెండేళ్ళకి ఇక్కడ కూడా నువ్వే రాయాలి" అన్నాడు.

నాలుగు రోజులకి బదిలీ కాగితం వచ్చింది. ఓడరేవు ఊరు, రెండు రోజుల ప్రయాణం. సామాను సంచి కావాలన్నాడు, దారిలో బిరడా ఊడినా కన్నం మూసుకుపోయినా తనే చూసుకుంటానన్నాడు. "మైనం మాత్రం ఇవ్వకు. రెండేళ్ళకి కారు ఇక్కడికే తెస్తా. అప్పుడు మీ మావయ్యతో మాట్లాడతా."

"కారు గురించా?"

"కారు గురించి మాట్లాడటానికి ఆయనెందుకు, నువ్వున్నావుగా."

ఆ మాటకి ఆ పూట ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇంటికెళ్ళేసరికి వరండాలో అమ్మ గొడుగు ఎండబెడుతోంది. నాన్న గొడుగు. నెలలో వస్తానని పనికోసం వెళ్ళిన మనిషి, అప్పుడు వాన లేదని కొక్కేనికే వదిలేసి వెళ్ళాడు. పధ్నాలుగేళ్ళయింది. వానలు తగ్గగానే అమ్మ ఏటా దాన్ని విప్పి, దులిపి, ఎండలో పెట్టి, మడిచి మళ్ళీ అదే కొక్కేనికి తగిలిస్తుంది. ఎవరితోనూ ఒక్క మాట అనదు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. రెండేళ్ళంటే ఏడువందల ముప్ఫై రోజులు. ఆ తర్వాత? ఎదురుచూడటానికి కారణం లేకుండా చేసుకుంటే ఎదురుచూడక్కర్లేదు కదా అనుకుంది. అందుకే డబ్బాలు పెట్టింది.

పొద్దున్న సర్వేయరు ఏడింటికే వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో, గడ్డం గీసుకున్న చోట చిన్న గాటుతో. సంచి ఎత్తి, బరువు చూసి, తాడు విప్పాడు.

"ఇవి వద్దన్నానుగా."

"ఉప్పుగాలి. మీకు రావడానికి వీలవుతుందో కాదో. కారెందుకు పాడవాలి?"

"మళ్ళీ మీరు అయిపోయానా?" అన్నాడతను.

ఆమె సంచి మూతి మూయబోయింది.

అతను డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఒకటి రెండేళ్ళకి. రెండున్నాయి. నాలుగేళ్ళు రానక్కర్లేదన్నమాట."

రావద్దని కాదు, నువ్వు రాకపోతే నేను బతకలేనని భయం. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "చీటీ లోపలుంది. మెల్లగా లాగండి, ఖాళీ వదలొద్దు" అంది.

"అర్థమైంది" అన్నాడు. ఏమర్థమైందో చెప్పలేదు. మావయ్యకి నమస్కారం పెట్టాడు. మావయ్య ఏదో అనబోయి, మేనకోడలి మొహం చూసి, వెల్డింగు అద్దాలు కళ్ళ మీదికి దించుకున్నాడు. కారు మూల తిరిగేదాకా గుడగుడ చప్పుడు లేకుండా సాఫీగా వెళ్ళింది. పని బాగా చేసింది మరి.

నెల తర్వాత ఒక కార్డు వచ్చింది. "చేరాను. మైనం కారడం ఆగింది." అంతే. ఆమె నాలుగు పేజీల జవాబు రాసి చింపేసింది. "కన్నాలు నెలకోసారి తీగతో పొడవండి" అని ఒక్క ముక్క రాసి పంపింది. మళ్ళీ కార్డు రాలేదు.

రెండో ఏడు అక్టోబరు తొమ్మిదిన షెడ్డులో ఒక కారు చోటు ఖాళీ చేయించి ఊడ్చింది. వేడినీళ్ళలో మైనం డబ్బా పెట్టింది. నీళ్ళు చల్లారితే మళ్ళీ కాచింది. సాయంత్రం మావయ్య వచ్చి పొయ్యి ఆర్పేశాడు. నాలుగో ఏడూ ఊడ్చింది. ఆ ఏడు ఎవరికీ చెప్పలేదు. ఆరో ఏటికి మావయ్య చూపు తగ్గి ఇంటిపట్టున ఉన్నాడు. షెడ్డు ఆమెదైంది. అప్పుడూ ఊడ్చింది.

ఏడో ఏడు జూన్‌లో, వానలో, మీగడ రంగు కారు షెడ్డు ముందు ఆగింది. ఆమె చేతిలో పని అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తింది. తలుపు తీసుకుని దిగింది ఎవరో పెద్దాయన, రిటైరై ఓడరేవు నుంచి ఈ ఊరొచ్చేసిన పోస్టుమాస్టరట.

"ఓడరేవులో పాత కార్ల కొట్లో కొన్నానమ్మా. ఎవరో సర్వేయరు అమ్మేశాడట. లోపల ఎక్కడా తుప్పు లేదని ఒకటే చెప్పాడు కొట్టువాడు. నిజమో కాదో చూసి పెడతావా?"

కింద పడుకుంది. అడుగు కన్నాలన్నీ తెరిచే ఉన్నాయి. ఒక్కదానికీ లప్పం లేదు. పై కన్నం బిరడా తీసి అద్దం పెట్టి టార్చి వేసింది. తేనె రంగు పొర ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, ఎక్కడా ఖాళీ లేకుండా.

"నిజమేనండీ" అంది కిందనుంచే. "చాలా నెమ్మదిగా చేశారు."

తలుపు తెరిచి చూస్తే ఆమె అంటించిన టేపే ఉంది. పైన ఆమె రాసిన తారీఖు. దాని కింద అతని చేతిరాతతో రెండు. మొదటిది రెండో ఏడు అక్టోబరు తొమ్మిది, ఆమె పొద్దుటినుంచి నీళ్ళు కాచిన రోజు. రెండోది నాలుగో ఏడు, అదే తారీఖు. మూడోది లేదు.

పోస్టుమాస్టరు కారుకి ఆమె మైనం పట్టించింది. అతను రాసినవాటి కింద ఖాళీలో ఆ రోజు తారీఖు రాసింది.

అక్టోబరు ఇరవైన వెళ్ళిన సర్వేయరు రెండో ఏడు రాలేదు, నాలుగో ఏడు రాలేదు, డబ్బాలు అయిపోయిన ఆరో ఏడూ రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు.