ఆరు నిమిషాల రింగు

"ఈ లాట్ ఆపిందెవరు?"

సూపర్‌వైజర్ గొంతు ప్రెస్సుల మోతను కూడా మించిపోయింది. లారీ ఎక్కాల్సిన ఎనిమిది వందల ప్రెషర్ కుక్కర్లు వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి పెట్టె మీదా ఒక ఎర్ర చీటీ.

"నేనేనండీ," అంటూ పెట్టెల చాటు నుంచి వచ్చింది ఆ అమ్మాయి. నాలుగు రోజుల క్రితమే చేరిన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. చెవి వెనక పెన్సిలు, చేతిలో చీటీల కట్ట.

"ఏమొచ్చింది వాటికి?"

"మూత దగ్గర ఆవిరి పోతోంది. రబ్బరు రింగు వేడికి వదులైపోతోంది. ఇరవై చూశాను, మూడు పోయాయి."

"అంటే పదిహేడు బాగున్నట్టేగా!"

"ఆ మూడూ మీ ఇంటికి పంపించమంటారా?"

ప్రెస్సుల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజర్‌కి ఒళ్ళు మండింది. గుట్టలోంచి తానే ఒక కుక్కర్ లాగి టెస్ట్ స్టవ్ మీద పెట్టాడు. అది బుద్ధిగా విజిల్ వేసింది. విజయగర్వంతో రెండోది పెట్టి, దాని మీదికి వంగాడు. మూత అంచున బుస్సుమని ఆవిరి లేచి కళ్ళద్దాలు మసకబారిపోయాయి.

ఆ అమ్మాయి చేతిరుమాలు అందించింది. "తుడుచుకోండి. ఇప్పుడు కనబడుతుంది."

అద్దాలు తుడుచుకుంటుంటే అతనికి అసలు సంగతి తట్టింది. రబ్బరు రింగు గట్టిపడాలంటే ప్రెస్సులో ఆరు నిమిషాలు ఉడకాలి. టార్గెట్ అందడం లేదని పోయిన వారం అతనే ఐదుకు తగ్గించాడు. పైకి చూస్తే తేడా ఏమీ లేదు. ఉత్పత్తి పెరిగిందని మేనేజర్ భుజం తట్టాడు కూడా.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. చెప్పకుండానే చేతిరుమాలు తిరిగిచ్చేసి ప్రెస్సుల వైపు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రేకుల కప్పు మీద వాన దంచుతుంటే, మేనేజర్ అందరినీ పిలిచాడు. ఆయన కోపమంతా రబ్బరు కలిపే తాత మీద పడింది. ఇరవై ఏళ్ళుగా ఆ మిక్సర్ దగ్గరే పనిచేస్తున్న మనిషి.

"నీకు చూపు తగ్గింది. పాళ్ళు తప్పావు. రేపట్నుంచి ఇంటి దగ్గరే ఉండు!"

తాత తలవంచుకున్నాడు. "నేను సరిగ్గానే కలిపానయ్యా," అన్నాడు మెల్లగా.

"తాత తప్పేం లేదు సార్." సూపర్‌వైజర్ ముందుకొచ్చాడు. "రింగు ఉడికే టైములో ఒక నిమిషం కోసేసింది నేను. ఎవర్నీ అడగలేదు. పొద్దుననే తెలిసినా చెప్పడానికి భయమేసింది."

మేనేజర్ అతన్ని అందరి ముందూ కడిగి పారేశాడు. అతనికి రావాల్సిన ప్రమోషన్ పోయింది. ఎనిమిది వందల రింగులూ మళ్ళీ చేయించి, దగ్గరుండి మార్పించమన్నాడు.

మర్నాడు అతను పెట్టెలు విప్పుతుంటే ఎదురుగా మరో పీట వేసుకుని కూర్చుంది ఆ అమ్మాయి.

"ఇది మీ పని కాదుగా?"

"వేసినవి వేసినట్టు చెక్ చేస్తాను. మిమ్మల్ని నమ్మొచ్చో లేదో!"

"ఇంకా కోపమేనా?"

"నిన్న పొద్దున్నుంచి దాచినందుకు కోపమే." పాత రింగు ఊడదీస్తూ తల దించుకుంది. "తాత కోసం నోరు విప్పారు చూడండి... అప్పట్నుంచి కోపం నిలవడం లేదు."

అతని చేతిలో మూత జారి ఖంగుమంది. ఇద్దరూ నవ్వేశారు.

మూడు రోజులు పట్టింది. చివరి పెట్టె మూశాక అతను వెళ్ళలేదు. అక్కడే నిలబడి చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"చెప్పాల్సింది ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఈ వారం తెలిసొచ్చిందండీ. అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నా. మీరంటే నాకు ఇష్టం."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఆదివారం మా అమ్మ దగ్గరికి రండి. అక్కడ కూడా ఇంత ధైర్యంగా చెప్పగలరేమో చూస్తాను."

ఆదివారం ఆ ఇంటి వరండాలో అతను చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. బెంచీ మీద కూర్చున్న తల్లి అతన్ని ఎగాదిగా చూసింది.

"మా అమ్మాయి మీ గురించి అంతా చెప్పింది. ఉద్యోగంలో పైకొచ్చే దారి మీరే మూసుకున్నారట కదా?"

"అవునండీ."

"మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే?"

"చెప్పేస్తానండీ. ఈసారి పొద్దున్నే చెప్పేస్తాను."

తల్లి కూతురి వైపు చూసింది. కూతురు చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది, పెదవుల మీద నవ్వు ఆపుకోలేక.

తల్లి బెంచీ మీద కాస్త జరిగి, పక్కన చోటు చేసింది.

"ఎంతసేపని నిలబడతావు నాయనా? ఇలా వచ్చి కూర్చో."