కంచురంగు టర్కీలు, వాటి ఇన్‌స్పెక్టరు

"మీకు అమ్మనండి" అన్నాడతను, మొహమాటం లేకుండా.

మండుటెండలో బస్సు దిగి, దుమ్ములో అంత దూరం నడిచొచ్చిన దర్జీ అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. టర్కీ కోళ్ళు పెంచేవాడి దగ్గరికి టర్కీ కోళ్ళు కొనడానికే కదా వచ్చింది. ఫోన్లో చూసి ముచ్చటపడ్డ నలుపు తెలుపు జాతి కావాలంది, అంతే. దానికతను గంటసేపు ఆరా తీశాడు. ఇంటి చుట్టూ కంచె ఎంత ఎత్తు, పగలు ఎవరుంటారు, కుక్కలొస్తాయా, ఇదివరకు కోళ్ళయినా పెంచారా అని. కంచె నడుము దాకా ఉంటుందనగానే తల అడ్డంగా ఊపేశాడు.

"ఈ జాతికి రెక్కబలం ఎక్కువ. రెండో రోజుకే మీ పక్కింటి కప్పు మీద కాపురం పెడతాయి. అందంగా ఉన్నాయని అడుగుతున్నారు. అందానికైతే ఫోటో చాలు కదా."

"అల్లుణ్ణి వెతికేవాళ్ళు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరండి."

"అల్లుడైతే ఆకలేస్తే అడుగుతాడు. వీటికి నోరు లేదు" అన్నాడతను.

మాట పూర్తయిందో లేదో, అతని వెనకాల పెద్ద పుంజు మెడ సాచి, కంచెలన్నీ అదిరేటట్టు గళగళమంటూ కూసింది. దాని వెంట మిగతా పుంజులన్నీ అందుకున్నాయి. అమ్మాయికి నవ్వాగలేదు. కోపం మీద ఉన్నాను కదా అని గుర్తు చేసుకుని ఆపుకోబోయింది గానీ, అతని మొహం చూశాక మళ్ళీ వచ్చేసింది. చివరికి అతనూ నవ్వాడు.

ఆ తర్వాత కాస్త మనిషిలా మాట్లాడాడు. పెద్ద పెద్ద ఫారాల్లో పెంచే తెల్ల టర్కీలు మాంసం కోసమే తయారైనవి. ఒళ్ళు బరువెక్కి వాటంతట అవి జత కట్టలేవు. ఈ పాత జాతులు మాత్రం ఆరుబయట తిరుగుతాయి, పురుగులేరుకుని తింటాయి, గుడ్లు పొదిగి పిల్లల్ని పెంచుకుంటాయి. కానీ పెంచేవాళ్ళే కరువయ్యారు. తాతనాటి నుంచి వస్తున్న ఈ మంద చెదిరిపోతే మళ్ళీ ఇలాంటిది దొరకదని అతని బెంగ.

ఆమె కూడా తన సంగతి చెప్పింది. నాన్న రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఊరి చివర ఎకరం నేల, పెంకుటిల్లు కొనుక్కున్నారు. ముందు గదిలో ఆమె కుట్టుమిషను, వెనక కూరపాదులు. పాదుల్ని మిడతలు తినేస్తున్నాయి. నాన్నని నిశ్శబ్దం తినేస్తోంది. జన్మంతా ఇంజను హోరులో బతికిన మనిషి, పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు.

"అయితే కాసేపు కూర్చుని చూడండి. ఫోటోలో కాదు, ఇక్కడ" అన్నాడతను.

ఆమె వేపచెట్టు నీడలో బకెట్టు బోర్లించి కూర్చుంది. ఇటుక రంగువి సాధువుల్లా తిరుగుతున్నాయి. మబ్బు రంగువి ఊరికే గొడవపడుతున్నాయి. కంచురంగు వాటి ఈకలు మాత్రం కదిలినప్పుడల్లా ఆకుపచ్చగా, రాగిరంగుగా మారుతున్నాయి, రెండు రంగుల పోగులతో నేసిన పట్టులాగా. ఇంతలో గద్ద నీడ నేల మీద జారింది. అన్నీ చెల్లాచెదురయ్యాయి. ఒక్క కంచురంగు పెట్ట మాత్రం పిల్లల్ని రెక్కల కిందికి పిలుచుకుని, గద్ద వెళ్ళిపోయేదాకా కదల్లేదు.

"ఆ జాతి ఇవ్వండి" అందామె. "ఆపదొస్తే పారిపోనివాళ్ళు కావాలి మా ఇంటికి."

అతను ఈసారి ఏ ప్రశ్నా వెయ్యలేదు. ఇవి బరువైనవి, బెదిరితే తప్ప ఎగరవన్నాడు. ఒక పుంజు, మూడు పెట్టల్ని బుట్టల్లో పెట్టిస్తూ ఒకే షరతు చెప్పాడు. పెంచలేకపోతే ఇంకెవరికీ అమ్మకూడదు, తనకే తిరిగి ఇచ్చెయ్యాలి.

టర్కీలు వచ్చాక ఇంటి తీరే మారిపోయింది. నాన్న పెరట్లో నిలబడి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఇంజను కూతలా ఈల వేసేవాడు. పుంజు వెంటనే బదులిచ్చేది. "సిగ్నలిచ్చేశాడే" అని మురిసిపోయేవాడు నాన్న. పగలంతా వాళ్ళిద్దరిదీ అదే సంభాషణ. మిడతల పీడ కూడా విరగడయింది.

వచ్చిన చిక్కల్లా టర్కీలు అమ్మిన ఆ అబ్బాయితోనే. వారం తిరక్కుండా మోటారుసైకిలు మీద వచ్చి నీళ్ళ తొట్టి చూశాడు. తర్వాత గూడు నేల తడిగా ఉందేమో చూశాడు. ఆ తర్వాత పక్షులు కూర్చునే దుంగ వెడల్పు చాలదని కొత్తది తెచ్చి బిగించాడు. నాన్న అతణ్ణి కూర్చోబెట్టి రైళ్ళ కబుర్లు చెప్పేవాడు. ఆమె మిషను తొక్కుతూ కిటికీలోంచి చూసేది. అతను చూస్తే చూపు గుడ్డ మీదికి దించేది. ఆ గడబిడలో ఒకరి జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసింది కూడా.

"మన ఇన్‌స్పెక్టరు రాలేదేంటమ్మా ఇవాళ?" అని నాన్న అడిగితే, "నాకేం తెలుసు" అని విసుక్కునేది. తెలియకపోవడమే ఆమె విసుగు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి కుండపోత మొదలైంది. గూటి తలుపు గాలికి తెరుచుకుని, పెట్టలు మూడూ బెదిరి, ఎగిరి ఇంటి కప్పెక్కి కూర్చున్నాయి. ఆమె నిచ్చెన వేసుకుని ఎక్కుతుంటే అతను తడిసి ముద్దయి వచ్చాడు. వాన పడుతుంటే వాటి మీద బెంగపెట్టుకుని బయల్దేరాడట. ఆమె పై నుంచి ఒక్కొక్కటీ అందిస్తే అతను కింద పట్టుకున్నాడు. చివరి పెట్టతో పాటు ఆమె చెయ్యి కూడా అతని చేతిలోకి వచ్చింది. ఇద్దరూ వెంటనే వదల్లేదు. అతని కనురెప్పల మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఏదో చెప్పబోతున్నాడు.

"తలుపు గడియ వదులుగా ఉందండి" అన్నాడు.

అంతే. మర్నాడు ఆమె ట్రాలీ ఆటో మాట్లాడింది. మనల్ని నమ్మనివాడి సొత్తు మనకెందుకని బుట్టలెక్కించింది. నాన్న ఎంత చెప్పినా వినలేదు. పుంజుని వదిలి ఉండలేనని ఆయన కూడా ఆటో వెనక ఎక్కి దాని పక్కనే కూర్చున్నాడు.

అక్కడ అతను లేడు, దాణాకి వెళ్ళాడట. వాళ్ళమ్మ పళ్ళేలు కడుగుతోంది. అమ్మాయి చెప్పుకొచ్చిందంతా విని చేతులు తుడుచుకుందావిడ.

"ప్రతి వారం తనిఖీకి వస్తున్నాడా? మా ఇంట్లోంచి పక్షుల్ని తీసుకెళ్ళినవాళ్ళు ఊరూరా ఉన్నారమ్మా. ఎవరింటికైనా వెళ్ళడం నేను చూడలేదు. ఫోను చేసి కనుక్కుంటాడు, అంతే."

అదే సమయానికి దాణా బస్తా భుజాన వేసుకుని అతను లోపలికొచ్చాడు. ఆటోని చూశాడు, బుట్టల్ని చూశాడు, ఆమెని చూశాడు. మొహం ఎర్రబడింది, పాలిపోయింది, మళ్ళీ ఎర్రబడింది. బస్తా దించడం కూడా మర్చిపోయాడు.

"తిరిగిచ్చేస్తారా?"

"మీరే కదా నమ్మట్లేదు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక పెడతారు."

"వంక లేకపోతే ఎలా రమ్మంటారు?" అన్నాడు. గొంతు తగ్గింది. "మొదటి రోజే నమ్మేశాను. మీ ఇంట్లో అవి నా దగ్గరకంటే బాగున్నాయి. మిమ్మల్ని చూడాలని వచ్చేవాణ్ణి. ఎదురుగా నిలబడేసరికి తొట్టి, దుంగ, గడియ తప్ప ఇంకో మాట వచ్చేది కాదు."

వాళ్ళమ్మ నవ్వు దాచుకోవడానికి పళ్ళేల వైపు తిరిగింది. ఆటోలో నాన్న మాత్రం దాచుకోలేదు.

"నాకు ముందే తెలుసు బాబూ. రైళ్ళ గురించి చెప్పిందే నాలుగుసార్లు చెప్పినా కొత్తగా విన్నావు. ఏ కుర్రాడైనా ఊరికే అంత ఓర్చుకుంటాడా?" అని, వాళ్ళమ్మకేసి తిరిగి, "మీకేమైనా అభ్యంతరమా అమ్మా?" అన్నాడు.

"వీడికి నోరు తెరవడం వచ్చింది. నాకింకేం కావాలి అన్నయ్యగారూ" అందావిడ.

బుట్టలు ఆటోలోనే ఉండిపోయాయి. ఆమె ముందు సీట్లో కూర్చుంది. అతను బస్తా ఎప్పుడు దించాడో గానీ, పక్కకొచ్చి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"రేపు రానా?" అన్నాడు.

"పనుంటే రావద్దు" అందామె, ఈసారి చూపు దించుకోకుండా. "ఊరికే రండి."