ఐదుకు ముందు సున్నా

ఎల్సీ రొట్టెలు కాలుస్తూ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. భర్త కిష్టసామి మిరపమొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. ఉద్యోగం పోయి ఐదు నెలలైనా ఆయనకు తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ పైన వెళ్ళడానికి చోటు లేక పెరట్లోకి నడుస్తాడు. నీళ్ళు ఎక్కువై మొక్కల వేర్లు కుళ్ళుతున్నాయని ఆమెకు తెలుసు. చెప్పబుద్ధి కాలేదు.

కూతురు నెరిషా అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, తాము ఉండే ఫీనిక్స్ నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళే షేరు టాక్సీ కోసం పరుగు తీసింది. అక్కడి ఫ్యాక్టరీల మధ్య ఒక కంప్యూటరు కంపెనీలో ఆ పిల్ల ప్రోగ్రామరు. దేశంలో తెల్లవాళ్ళూ, నల్లవాళ్ళూ, తాతల నాడు చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చిన మనవాళ్ళూ అందరూ కలిసి మొదటిసారి ఓట్లు వేసి వచ్చే నెలకు ఏడాది. అంతకుముందు ఆ కంపెనీలో టీ ఇచ్చేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు తప్ప మిగతా అందరూ తెల్లవాళ్ళే. ఇప్పుడు బయటివాళ్ళెవరొచ్చినా మేనేజరు నెరిషాను పిలిచి మరీ పరిచయం చేస్తాడు.

కిష్టసామి ఇరవై తొమ్మిదేళ్ళు ఒక బస్సు కంపెనీలో డ్యూటీ క్లర్కుగా చేశాడు. ఏ బస్సు, ఏ డ్రైవరు, ఏ దారి, ఎన్నింటికి బయల్దేరాలి అన్నది రోజూ టైపు కొట్టి డిపో గోడకు అంటించడం ఆయన పని. నాలుగు వరసలూ గీత గీసినట్టు దిగేవి. నిరుడు ఆ పని కంప్యూటరుకు అప్పగించాలని బస్సు కంపెనీ అనుకుంది. ప్రోగ్రాము రాసే పని అటు తిరిగి ఇటు తిరిగి నెరిషా బల్ల మీదికే వచ్చింది. రెండు ఆదివారాలు తండ్రీకూతుళ్ళు భోజనాల బల్ల మీద పాత డ్యూటీ కాగితాలు పరచుకుని కూర్చున్నారు. పేరుకు ఎంత చోటు వదలాలి, అంకెలు ఎడమకు జరగాలా కుడికి జరగాలా, అన్నీ ఆయనే చెప్పాడు. ప్రోగ్రాము నడవడం మొదలైన నెలలోనే ఆయన్ని ఇంటికి పంపేశారు. కిష్టసామి కూతుర్ని ఒక్క మాట అనలేదు. పైగా, "నా కూతురు మిషనే నా కుర్సీలో కూకుంది," అని పక్కింటివాళ్ళతో నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వు వినబడితే ఎల్సీ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

పదకొండింటికి ఫోను మోగింది. ఎల్సీ తమ్ముడు ఫ్రాంక్ భార్య వెలరీ. ఫ్రాంక్ అదే బస్సు కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా డ్రైవరు. ఆవేళ, సోమవారం, తెల్లవారి ఐదూ ఐదుకు తీయాల్సిన బస్సును ఐదూ యాభైకి తీశాడట. బట్టల ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టుకు పోవలసిన అరవైమంది ఆడవాళ్ళు ముప్పావుగంట వానలో తడిశారు. వాళ్ళు చేరేసరికి ఫ్యాక్టరీ గేటు వేసేశారు. ఫ్రాంక్‌కు నిరుటి సమ్మె నాటి ఆఖరి హెచ్చరిక ఒకటి ఫైలులో ఉంది. బుధవారం విచారణ, అంతదాకా రావద్దన్నారు. కాగితం మీద యాభై అన్నట్టే ఉందని అతను ఒట్టు వేసి పైవాళ్ళను గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తే, అక్కడ నల్లగా, స్పష్టంగా 05:05 అని ఉందట.

ఆ సాయంత్రం ఈ సంగతి విన్న నెరిషా తలనొప్పి అని చెప్పి అన్నం తినకుండా పడుకుంది.

మరునాడు ఆ పిల్ల పనికి వెళ్ళలేదు. తండ్రి పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి వంటింట్లోకి వచ్చింది. ఇంట్లో తను మాట్లాడేది ఎప్పుడూ ఇంగ్లీషే. భయం వేసినప్పుడు మాత్రం అవ్వ దగ్గర నేర్చిన తెలుగు ముక్కలు బయటికొస్తాయి.

"మా, తప్పు నాది. మావది కాదు."

ఎల్సీకి అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పింది. ఆ ప్రోగ్రాము సీ ప్లస్ ప్లస్ అనే భాషలో రాసింది. పేర్లనీ అంకెల్నీ అది ఒకదాని వెనక ఒకటి ప్రింటరు వైపు తోస్తూ పోతుంది. ఖాళీ మిగిలితే సున్నాతో నింపు అని ఒకసారి చెబితే, ఆ మాట చివరిదాకా గుర్తు పెట్టుకుంటుంది. రెండంకెల చోటు వదులు అన్న మాట మాత్రం ఆ వెంటనే వచ్చే ఒక్క సంఖ్యకే. అది అచ్చవగానే మరిచిపోతుంది. నెరిషా గంటల ముందు ఆ మాట రాసింది, నిమిషాల ముందు మళ్ళీ రాయలేదు. పాత టైమ్‌టేబుల్లో బస్సులన్నీ పదికో ఇరవైకో నలభైకో కదిలేవి. నిమిషాలు ఎప్పుడూ రెండంకెలే కాబట్టి లోపం బయటపడలేదు. సోమవారంతో కొత్త టైమ్‌టేబుల్ మొదలైంది. ఐదూ ఐదు బస్సుకు కాగితం మీద 05:5 అని పడింది.

ఆ రోజు తొమ్మిదింటికి డిపో నుంచి ఫోను వస్తే కంప్యూటరు కంపెనీ మేనేజరు ఆ పిల్ల వెనక నిలబడి దిద్దించాడట. దిద్దడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పదింటికల్లా గోడ మీద కొత్త కాగితం వేశారు. ఈ సంగతి ఎక్కడా రాయొద్దనీ, ఎవరితో అనొద్దనీ మేనేజరు చెప్పాడు. మీవాళ్ళలో మొదట తీసుకున్నది నిన్నే, తీసుకున్నందుకు నన్ను చింతించనీయకు అని కూడా అన్నాడు. ఆ డ్రైవరు ఎవరో అప్పటికి నెరిషాకు తెలియదు.

"నేను డిపోకి పోయి చెప్తా, మా," అంది.

ఎల్సీ తలుపు వైపు చూసింది. బయట నీళ్ళ చప్పుడు ఆగలేదు. ఆమె కూతురి మణికట్టు పట్టుకుంది. "ఊరుకో. రేపు యూనియనోళ్ళు ఉంటారు, మావని ఆళ్ళు సూసుకుంటారు. నువ్వు సెప్తే నిన్ను ఉంచుతారా? మీ నాన తలెత్తుకోడానికి నువ్వొక్కత్తివే మిగిలినావు."

"మావ జాబ్ పోతే?"

"పోదు. నే సెప్తున్నా కదా."

బుధవారం ఫ్రాంక్ ఉద్యోగం పోయింది.

గురువారం మధ్యాహ్నం అతను అక్క ఇంటికి వచ్చాడు. యూనిఫారం లేకుండా పని రోజున అతన్ని చూడటం ఎల్సీకి అదే మొదలు. తిన్నగా బావ ఎదురుగా కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఐదుకు ముందు ఏమీ లేదనీ, ప్రింటరు రిబ్బన్ పాతదై చివరి సున్నా పడలేదేమో అనుకున్నాననీ, పాత రోజులైతే డిపోలో నీ కిటికీ దగ్గరికొచ్చి నిన్నే అడిగేవాణ్ణనీ అన్నాడు.

ఆ ప్రోగ్రామును కిష్టసామి ఐదు నెలలుగా మనసులో మోస్తున్నాడు. తన పని పోయిందంటే, పోగొట్టింది తనకంటే గొప్పదై ఉండాలి. అది కూడా తప్పు చేస్తుందంటే ఆయనకు మిగిలేది ఏమీ లేదు.

"మిషను తప్పు కొట్టదు ఫ్రాంకూ," అన్నాడు. "ఆదివారం రాత్రి తాగినావు. ఆ మాట ఒప్పుకుంటే నీకూ మర్యాద."

ఫ్రాంక్ మందు ముట్టి నాలుగేళ్ళయింది. మానేసిన రోజున గుళ్ళో అతని పక్కన నిలబడింది కిష్టసామే. ఫ్రాంక్ టీ కప్పులు తెస్తున్న అక్క వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వైనా నన్ను నమ్ముతున్నావా?"

గదిలో నెరిషా ఉంది. తలుపు ఓరగా తెరిచే ఉంది. ఎల్సీ కప్పు అతని ముందు పెట్టింది. "సక్కెర ఎంత ఎయ్యను?" అని అడిగింది.

అతను టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారమంతా ఎల్సీ చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ఉతికిన కర్టెన్లే మళ్ళీ ఉతికింది. నెరిషా పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేది, తల్లి ముఖంలోకి చూసేది కాదు. ఫ్రాంక్ అప్పీలు చేసుకున్నాడనీ, అది సోమవారం వినబోతున్నారనీ వెలరీ ద్వారా తెలిసింది. శనివారం డిపో మేనేజరు కిష్టసామికి ఫోను చేశాడు. పాత డ్యూటీ క్లర్కుగా వచ్చి, డ్రైవర్లకు ఆ కాగితం చదవడం బాగా తెలుసని, ఫ్రాంక్‌కు ఒకప్పుడు తాగుడు అలవాటు ఉండేదని చెప్పమన్నాడు. ఐదు నెలల తర్వాత డిపో తనను పిలిచింది. కిష్టసామి వస్తానన్నాడు.

ఆదివారం భోజనాలయ్యాక ఆయన బీరువాలోంచి సూటు తీసి బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేయసాగాడు. ప్యాంటు మడత మీద తడిగుడ్డ వేసి, ఒక్కో జానెడూ శ్రద్ధగా నొక్కుతున్నాడు. ఎల్సీ అంట్లు తోముతూ ఆ చేతుల్నే చూసింది. తడిచేతులతోనే వచ్చి ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసింది.

"ఫ్రాంకు తాగలేదు. కాయితంలో సున్నా లేదు. పిల్ల రాసిందాంట్లోనే తప్పుంది. నాకు పన్నెండు రోజులుగా తెలుసు."

కిష్టసామి ఆమెను చూశాడు, తర్వాత గది గుమ్మంలోకి వచ్చి నిలబడిన కూతుర్ని చూశాడు. కాగితం, పెన్సిలు తెమ్మన్నాడు. ఆ రోజు గోడ మీద ఎలా పడిందో అలా రాయమన్నాడు. నెరిషా 05:5 అని రాసింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ ఒక్క ముక్కనే చాలాసేపు చూశాడు.

"కొత్త టైములు పెట్టేముందు నన్నొకసారి అడగకపోయినావా?"

"నిన్ను పంపేశారు కదా, నానా. ఎవరడుగుతారు?"

"కంపెనీ సంగతి కాదమ్మా. నువ్వు నా ఇంట్లోనే ఉన్నావు."

నెరిషా నేల మీద కూలబడి ఏడ్చింది. తను అడగాలనే అనుకుందనీ, తండ్రి పనిని తీసేసుకున్నాక ఆ కాగితాలు మళ్ళీ ఆయన ముందు పెట్టడానికి మొహం చెల్లలేదనీ చెప్పింది. కిష్టసామి వంగి కూతురి తల మీద చెయ్యి వేశాడు. భార్యతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె వైపు చూడలేదు.

"నా నోటితో ఆడిని తాగుబోతు అనిపించినావు, ఎల్సీ."

సోమవారం ఆయన ఆ సూటులోనే డిపోకి వెళ్ళాడు, కాకపోతే కూర్చున్నది ఫ్రాంక్ పక్కన. ఆయన వెంట వచ్చిన నెరిషా లేచి, కంపెనీ వద్దన్న మాటలన్నీ చెప్పింది. రెండు రోజులకు ఫ్రాంక్‌కు ఉద్యోగం తిరిగొచ్చింది. ఆ శుక్రవారమే నెరిషాను ఆఫీసు తాళాలు అప్పగించి వెళ్ళమన్నారు. కిష్టసామి ఫ్రాంక్ ఇంటికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు. ఆ మాట మర్చిపో బావా అని ఫ్రాంక్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టాడు. నెరిషా వెళ్ళి, తల్లికి మొదటే చెప్పిన సంగతితో సహా అంతా చెబితే దగ్గరకు తీసుకుని, ఇంకో ఉద్యోగం చూసుకో, అంతదాకా వెలరీ కుట్టుపనిలో సాయం చెయ్యి అన్నాడు.

ఏ ఆదివారమైనా అక్క ఇంట్లోనే భోజనం చేసే ఫ్రాంక్ ఆ ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మూడో వారం ఎల్సీ పీతల కూర వండి గిన్నెలో మూత బిగించి తనే వెళ్ళింది.

అతను డ్యూటీకి తయారవుతున్నాడు. కూర్చోమన్నాడు. దారంతా కూడగట్టుకున్న మాటలు ఆమె గబగబా చెప్పింది. ఇంటాయన మనసు, పిల్ల బతుకు, ఎటూ తోచని స్థితి. ఫ్రాంక్ బూట్ల లేసులు కట్టుకుంటూ అన్నీ విన్నాడు.

"నెరిషా చిన్నపిల్ల అక్కా. భయపడింది. అయినా సెప్తానంది. బావకి తెలీదు." అతను తలెత్తాడు. "నీకు తెలుసు. తెలిసే నా మొకం మీద సక్కెర ఎంత ఎయ్యనని అడిగినావు."

ఎల్సీ ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో మాట ఆ ఇంట్లో పడకుండా, భర్త కష్టం పిల్లకూ, పిల్ల తప్పు భర్తకూ తెలియకుండా దాచుకుంటూ, సంసారాన్ని నిలబెట్టింది తనే అనుకుంది. తన నోరు మూసుకోవడం వల్ల ఎదుటి మనిషి ఏమవుతున్నాడో ఒక్కసారీ తిరిగి చూడలేదు. చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఫ్రాంక్ ఏడవొద్దనలేదు, దగ్గరికీ రాలేదు.

"కోపం లేదక్కా," అన్నాడు టోపీ పెట్టుకుంటూ. "నీ ఇంట్లో కూకుంటే నువ్వు సెప్పే పెతి మాటా నిజమా కాదా అని సూసుకోవాల. అది నావల్ల కాదు."

అతను వెళ్ళిపోయాడు. వెలరీ కూరను తమ పాత్రలోకి వంచుకుంది. పాతికేళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్య గిన్నె ఎటు వెళ్ళినా అడుగున ఇంత పంచదారో, నాలుగు పళ్ళో వేసి పంపడమే తప్ప ఉత్తగా తిప్పి పంపింది లేదు. వెలరీ గిన్నెను శుభ్రంగా కడిగింది. పొడిగుడ్డతో తుడిచి, మూత పెట్టి, ఖాళీగా ఎల్సీ చేతికి ఇచ్చింది.