చావింటి నుంచి తిన్నగా

మరికినా ఊళ్లో ఏటిగట్టు వీధిలో ఆకుపచ్చ గేటు ఇల్లంటే, బండివాళ్లు మలుపు దగ్గరే దింపేసి వెనక్కి తిరుగుతారు. చుట్టుపక్కల ఒంటి గదికే ఎనిమిది వేల పెసోలు గుంజుతుంటే, రెండు గదుల ఆ ఇంట్లో సగం అద్దెకి చేరినవాళ్లు కూడా రెండో రాత్రి ఉండలేదు. పెరట్లో ఎవరో బట్టలు ఉతుకుతారట... తెల్లవార్లూ.

ఎలా మొదలైందో ఆ వీధివాళ్లు చెప్పిందే చెబుతున్నాను.

ఆ ఇంట్లో ఫెలిసా ఇరవై ఏడేళ్లు అద్దెకుంది. ఊరి బట్టలుతికి కూతురు నెనితని పెంచింది. దగ్గర్లో రైలు స్టేషన్ వస్తోందన్న కబురు చాలు, ఇంటాయన రుఫినో రెండు వేల అద్దెని తొమ్మిది వేలు చేశాడు. ఇచ్చుకోలేమంటే, వానలో మంచం వీధిలో పడేయించాడు. వంతెన కింద పాకలో నాలుగు నెలలు మూలిగింది ముసలిది.

"నన్ను మనింటికి తీసుకెళ్లవే," అంటూనే పోయింది. తీసుకెళ్తానని నెనిత మాటిచ్చింది.

పూడ్చేదాకా శవం దగ్గర చేసే జాగారంలో మూడో రాత్రి, ఆ పాకకే రుఫినో వచ్చాడు. శవపెట్టె వంక చూడనైనా చూడలేదు.

"నా తాళంచెవి పోయింది, రెండోది మీ అమ్మ దగ్గరే ఉండిపోయింది. పొద్దున్నే ఇల్లు కొనేవాళ్లొస్తున్నారు. ఇప్పుడే వెళ్లి తీసి చూసుకోవాలి."

నెనితకి ఒళ్లు మండిపోయింది.

ఆ ఊళ్లో చావింటి నుంచి ఎవరూ తిన్నగా ఇంటికెళ్లరు. దారిలో ఏ కొట్టు దగ్గరో కాసేపు ఆగుతారు. ఆగకపోతే పోయినవాళ్లు వెంట వస్తారు...

"దారిలో కాస్త కాఫీ తాగి వెళ్లు బాబూ," అన్నాడు పక్క పాకలోని తాత.

"ఈ వేళప్పుడు నలభై పెసోలు పోసి కాఫీయా? నీకేం తాతా, ఊరికే చెప్తావు."

తాత ఇంకేదో అనబోతే, నెనిత ఆయన చెయ్యి నొక్కింది. తాళంచెవిని పెట్టె మీద ఒక్క క్షణం ఆనించి— రుఫినో చేతిలో పెట్టింది.

"అమ్మా... లే," అని గొణిగింది.

రుఫినో తిన్నగా వెళ్లాడు. తలుపు తీశాడు. వెనక చెప్పుల చప్పుడు... అతన్ని దాటుకుని లోపలికి పోయింది. పెరట్లో కుళాయి తిరిగింది. దబ్... దబ్...

పొద్దున కొనేవాళ్లకి గుమ్మంలో, పారిపోతూ రుఫినో వదిలేసిన ఒంటి బూటు కనిపించింది. వీధివాళ్లు చెప్పింది విని వాళ్లు మళ్లీ రాలేదు.

ఏడాదికల్లా అద్దె దిగి దిగి పాత రెండు వేలకే వచ్చింది. అప్పుడు చేరింది నెనిత.

చేరాక వారమైనా పెరట్లో ఏ చప్పుడూ లేదు. అమ్మ వెళ్లిపోయిందేమోనని ఏడుపొచ్చింది. పైగా చప్పుడు లేదని తెలిస్తే రుఫినో అద్దె పెంచడూ? అందుకని రోజూ రాత్రి లేచి తనే ఉతకసాగింది.

నెలాఖరున చీకటిపడ్డాక రుఫినో వచ్చి గేటవతలే నిలబడ్డాడు.

"ఇంకా... ఉందా?"

"ఉందండీ. లోపలికి రండి. ఆ రాత్రి మీరు తాగకుండా వెళ్లారని అమ్మ కాఫీ పెట్టింది."

అద్దె కూడా అడక్కుండా పరుగో పరుగు. కక్ష తీరా నవ్వుకుని, తలుపేసి లోపలికి తిరిగింది నెనిత.

కాఫీ వాసన.

ఆమె పొయ్యి వెలిగించనే లేదు. బల్ల మీద రెండు కప్పులు... పొగలు కక్కుతూ.

కూర్చుని, ఒకటి తీసుకుని తాగింది. అమ్మ చేతి కాఫీలాగే పంచదార ఎక్కువైంది.