రేపు పీహెచ్‌డీ

"పొయ్యి వెలిగిందా?"

"కణంలో వెలిగింది," అన్నాడు ఖైజర్ పళ్లు నూరుతూ.

పాస్‌వర్డ్ సరిపోయింది. ఫోన్లో చీఫ్ గొంతు ఖంగుమంది. "రిపోర్ట్?"

"రిపోర్టా సార్? నెల రోజులుగా గ్లూకోజ్ ఎలా విరుగుతుందో వింటున్నాను. నా బుర్ర అంతకంటే బాగా విరిగింది."

"ఓపిక పట్టు. ఇవాళ దొరికిపోతారు."

దొరికిపోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. దొరకలేదు. అదే ఖర్మ.

ఖైజర్ కడప మనిషి, గూఢచారి. పిస్తోలు చేతికిస్తే గురి తప్పడు. అలాంటివాడికి జీరో పవర్ కళ్లజోడు పెట్టి, 'డాక్టర్' అని బ్యాడ్జి తగిలించి, గోదావరిఖని శివార్లలోని జీవక్రియ పరిశోధనా కేంద్రంలో పడేసింది డిపార్ట్‌మెంట్. పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు, చేసేసి ఇంకా ల్యాబు వదలనివాళ్లకు మెటబాలిజంలో శిక్షణ శిబిరం అది. తిన్న మెతుకు ఒంట్లో శక్తిగా ఎలా మారుతుందో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెబుతారు. క్రెబ్స్ సైకిల్ అని ఒకటుంది. ఎక్కడ మొదలవుతుందో తిరిగి తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. అచ్చం డిపార్ట్‌మెంట్ ఫైలులాగే. ఆ ఒక్క పాఠం మాత్రం ఖైజర్‌కి బాగా అర్థమైంది.

కాపాడాల్సింది ఒకే ఒక్క పెట్టె. హర్షిణి అనే పీహెచ్‌డీ విద్యార్థిని ఏళ్ల తరబడి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల వెంట తిరిగి, మండుటెండలో పనిచేసే కార్మికుల రక్తం సేకరించింది. షిఫ్టుకు ముందు ఒకసారి, షిఫ్టు దిగాక ఒకసారి. వడదెబ్బకు మనిషి కూలిపోకముందే రక్తంలో కనబడే పదార్థం ఒకటి పట్టుకుంది. వేలికి చిన్న సూది గుచ్చితే చాలు, "ఈయన్ని నీడకు పంపండి" అని చెప్పేసే చవక పరీక్ష తయారవుతుంది. ఆమె తండ్రి బిక్షం ఒక వేసవిలో డంపర్ నడుపుతూ నడుపుతూనే స్టీరింగ్ మీద పడిపోయాడు. ఆయన బతికాడు. ఆయన పక్క డంపర్ మనిషి బతకలేదు. అందుకే ఆ పిల్లకు అంత పంతం.

ఇప్పుడొక విదేశీ ముఠా కన్ను ఆ శాంపిళ్ల మీద పడింది. పెట్టె దేశం దాటితే పేటెంట్ వాళ్లది, ధర వాళ్లది. హర్షిణి మళ్లీ మొదలుపెడదామన్నా కుదరదు. రక్తమిచ్చినవాళ్లలో సగం మంది రిటైరైపోయారు.

ముఠా మెసేజ్ ఒకటి డిపార్ట్‌మెంట్‌కి చిక్కింది. "పీహెచ్‌డీ రోజు సరుకు బయటికి." అంతే.

దానికి అర్థం చెప్పింది సహస్ర. డిపార్ట్‌మెంట్ అంతకుముందే లోపల నాటిన ఏజెంట్. శాంపిల్ స్టోర్ ఇన్‌చార్జి వేషం, ఫ్రీజర్ తాళం ఆమె హ్యాండ్‌బ్యాగులోనే. ఆమె కారిడార్లో నడిచొస్తే లెక్చర్ ఇచ్చే పెద్దమనిషి కూడా ఫార్ములా మరిచిపోయేవాడు. ఖైజర్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

"ఇంకేముంటుంది ఖైజర్?" అందామె నవ్వి. "పీహెచ్‌డీ స్టూడెంట్లు పేపర్లు చదివే రోజు. ఆగస్టు పద్నాలుగు."

అందుకని పద్నాలుగున పొద్దున్నుంచి స్టోర్ తలుపు దగ్గర కాపలా కాశాడు. చొక్కా గుండీలో దాచిన కెమెరాలో బొగ్గుదుమ్ము కూరుకుపోయి ఫోటోలన్నీ నల్లగా వచ్చాయి. మత్తుసూది వదిలే వాచీకి బ్యాటరీ అయిపోయింది. కొత్తది కావాలని పెట్టిన ఇండెంట్ ఢిల్లీలో ఎవరి టేబుల్ మీదో నిద్రపోతోంది. ముఠా కాదు కదా, ఈగ కూడా రాలేదు. ఛీ, ఏం బతుకు ఇది!

సాయంత్రం క్యాంటీన్ వరండాలో చాయ్ తాగుతుంటే, పక్క బెంచీ మీద హర్షిణి ఫోన్లో తండ్రిని కోప్పడుతోంది.

"వద్దు నాయినా. రేపు పీహెచ్‌డీ కద, ఇంట్ల పండుకోరాదు? పానం బాగుంటె ఎప్పుడైన చేస్కోవచ్చు డ్యూటీ... నువ్వు ఇనవు. పో, నీ ఇష్టం."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఖైజర్ మర్యాదగా అడిగాడు. "మీ నాన్నగారికి పీహెచ్‌డీనా? ఏ సబ్జెక్టు?"

హర్షిణి తెల్లమొహం వేసి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో సార్! గా పీహెచ్‌డీ కాదు. పెయిడ్ హాలిడే. రేపు పంద్రాగస్టు కద. ఈడ బొగ్గుబాయి పని చేసెటోళ్లంత గట్లనే అంటరు. పీహెచ్‌డీ నాడు డ్యూటీకి పోతే ఒక్క దినానికి మూడు మస్టర్లు, మూడు దినాల జీతం పడ్తదని మా నాయిన ఆశ."

ఖైజర్ చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. పీహెచ్‌డీ రోజు. సరుకు బయటికి.

"ఈ మాట సహస్ర మేడంకి తెలుసా?"

"తెల్వకపోవుడేంది సార్? ఆమె పుట్టి పెరిగింది సెంటినరీ కాలనీ క్వార్టర్లల్ల. వాళ్ల నాయిన, మా నాయిన ఒక్కటే షిఫ్టు."

అంటే తెలిసే అబద్ధం చెప్పింది. ఆ నవ్వు గుర్తొచ్చి ఖైజర్‌కి ఒళ్లు మండిపోయింది. ఆమె మీద సగం, తన మీద సగం. దాపరికం లేకుండా హర్షిణికి అంతా చెప్పేశాడు. ఆ పిల్ల ఏడవలేదు. కొంగు నడుముకు చుట్టి, "ఇప్పుడేం చెయ్యాలె చెప్పుండ్రి," అంది.

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"సహస్ర మన మనిషోయ్. సాక్ష్యం ఉందా?"

"గని కార్మికుడి కూతురికి పీహెచ్‌డీ అంటే తెలియకపోవడమే సాక్ష్యం సార్."

"అది సాక్ష్యం కాదు, జనరల్ నాలెడ్జి. అయినా రేపు సెలవు. మనుషులెవరూ దొరకరు." ఫోన్ కట్టయింది.

పంద్రాగస్టు పొద్దున వెనక గేటు దగ్గర హర్షిణి, ముందు తలుపు దగ్గర ఖైజర్. సెక్యూరిటీవాళ్లంతా పక్కనున్న స్కూలు గ్రౌండులో జెండా పండగకి వెళ్లిపోయారు. ముఠాకి కావలసిందీ అదే. అంతలో శిబిరం కోఆర్డినేటర్ డాక్టర్ యమున వచ్చి ఖైజర్ మోచెయ్యి పట్టుకుంది.

"ఇక్కడేం చేస్తున్నారు? లైన్లో నిలబడండి. హాజరు తప్పనిసరి."

"మేడం, ఒక్క నిమిషం, నేను..."

"దేశభక్తికి కూడా నిమిషాలు లెక్కపెడతారా?"

 ఖైజర్ వెళ్లి స్కూలు గ్రౌండులో లైన్లో నిలబడ్డాడు.

నిలబడగానే కేంద్రం ముందు తలుపు తెరుచుకుని సహస్ర బయటికొచ్చింది. తెల్లచీర, మూడు రంగుల అంచు, చేతుల్లో పెద్ద థర్మకోల్ డబ్బా. దాని మీద రంగురంగుల ఐస్‌క్రీం బొమ్మ. జెండా పండగ రోజు స్కూలు ముందు ఐస్‌క్రీం డబ్బా మోసుకెళ్లే మనిషిని ఎవరు ఆపుతారు? రోడ్డు మీద కారు ఇంజన్ ఆన్‌లో ఉంది. ఖైజర్ ఒక్క ఉదుటున కదిలాడు.

"జనగణమన..." మైకు మోగింది.

గ్రౌండు మొత్తం బిగుసుకుపోయింది. ఖైజర్ ఎత్తిన కాలు ఎత్తినట్టే దించి అటెన్షన్‌లో నిలబడ్డాడు. గేటుకు నాలుగడుగుల ఇవతల సహస్ర కూడా ఆగింది. అంతమంది ముందు ఆ పాటకు నడిచిపోతే డబ్బా సంగతి తర్వాత, ముందు మనిషిని పట్టుకుంటారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కొయ్యల్లా నిలబడ్డారు. ఆమె సన్నగా నవ్వింది. గేటు ఆమెకు దగ్గర. అతనికి దగ్గరగా ఉన్నది మైకు ఒక్కటే.

"...జయ జయ జయ జయహే!"

సహస్ర గేటు వైపు ఉరికింది. ఖైజర్ మైకు లాక్కున్నాడు.

"పిల్లలూ! మీ అందరికీ అక్క ఐస్‌క్రీం తెచ్చింది! అదిగో గేటు దగ్గర! ముందు వచ్చినవాళ్లకు రెండేసి!"

ఆ తర్వాత జరిగింది ఆపడం ఏ ముఠా తరమూ కాదు. స్కూలు స్కూలంతా కేకలేస్తూ వెళ్లి సహస్రను చుట్టేసింది. చీర కొంగు ఒకడు, డబ్బా ఒకతె.

"ఏయ్, జరుగుండ్రి! గిది ఐస్‌క్రీం కాదు! జరుగుండ్రంటున్న!" అన్నాళ్లూ దాచుకున్న యాస ఒక్కసారిగా బయటపడింది. కారు ఆమె కోసం ఆగలేదు, మలుపు దాకా వెళ్లి బందోబస్తు పోలీసుల జీపుకు అడ్డంగా దొరికింది. మూత ఊడి డ్రై ఐస్ పొగ తెల్లగా పైకి లేచింది. వెనక గేటు నుంచి పరుగెత్తుకొచ్చిన హర్షిణి పిల్లల్ని తోసుకుంటూ లోపలికి దూరి, మూత మూసి దాని మీదే కూర్చుంది. అప్పుడు ఏడ్చింది, వెక్కి వెక్కి. ఒక్క గొట్టంలోనూ రక్తం కరగలేదు.

"అక్కా, ఐస్‌క్రీం ఏదే?" అన్నారు పిల్లలు. సహస్రను పోలీసులకు అప్పగించాక, ఆ ప్రశ్నకి ఖైజర్ బజారు దాకా పోవలసి వచ్చింది.

తిరిగొచ్చేసరికి డాక్టర్ యమున ఎదురైంది. "మీకు సర్టిఫికెట్ ఇవ్వలేనండీ. హాజరు తక్కువైంది, జెండా పండగ మధ్యలో లైను కూడా తప్పారు."

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. రేపు పొద్దున్నే ఢిల్లీలో ఉండు."

ఖైజర్ నీరసంగా మెట్ల మీద కూలబడ్డాడు. హర్షిణి పెట్టెను ఫ్రీజర్లో భద్రం చేసొచ్చి పక్కన కూర్చుంది.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఇగ నాకు పీహెచ్‌డీ వస్తది. మీకు సర్టిఫికెట్ రాకపోతేంది? ఇయ్యాల మీకు కూడ పీహెచ్‌డీయే కద."

నిజమే. ఖైజర్ జీవితంలో వచ్చిన ఒకే ఒక్క పీహెచ్‌డీ అది. దాన్ని కూడా డ్యూటీలోనే తగలేశాడు, పైగా ఒక్క మస్టరూ పడలేదు.